కిటికీ అవతలి తాళంచెవి

పోయిన నెల మా అమ్మాయి కారులో నెల్లూరు నుంచి కావలి వస్తుంటే దారిలో ఒక చక్రం గాలి పోయింది. అదృష్టం కొద్దీ పక్కనే టైర్ల షాపు ఉంది. షాపతను పానా పట్టుకుని కూర్చుని నాలుగు నట్లు చకచకా వదులు చేసి ఐదోదాని దగ్గర ఆగిపోయాడు. అది మిగతావాటిలా లేదు. గుండ్రంగా, నున్నగా, పానా పట్టకుండా ఉంది. "మేడమ్, ఇది లాకు నట్టు. దీని కీ ఎక్కడుంది?" అన్నాడు.

అమ్మాయి కారంతా వెతికింది. డిక్కీ చూసింది, సీట్ల కింద పరిచిన తివాచీలు ఎత్తి చూసింది, చివరికి తన చేతిసంచీ కూడా బోర్లించింది. ఆ కారు సెకండ్ హ్యాండులో కొన్నది. కీ పాత ఓనరు దగ్గరే ఉండిపోయిందో ఏమో. వాళ్ళిద్దరూ అలా వెతుకుతుంటే వెనకసీట్లో కూర్చున్న నేను ఉన్నట్టుండి గట్టిగా అరిచాను. "వెతకబాకండి! కొట్టి తీసెయ్యండి. ఆలస్యం చెయ్యొద్దు."

అమ్మాయి నావైపు వింతగా చూసింది. మాకు తొందరేమీ లేదు. ఇంటికి పోవడమే కదా. నా గొంతు అంత పెద్దదని దానికి ఆ రోజే తెలిసినట్టుంది.

షాపతను నట్టు కన్నా రవ్వంత చిన్న ఇనప గొట్టం తీసుకుని, దాన్ని సుత్తితో నట్టు మీదికి దిగ్గొట్టాడు. పెద్ద పానా తగిలించి కాలితో తొక్కాడు. నట్టు కీచుమని తిరిగింది. ఆ స్థానంలో మామూలు నట్టు బిగించాడు. అంతా కలిపి పది నిమిషాలు పట్టిందేమో. ఆ పది నిమిషాలూ నా కళ్ళకు అతని చేతులు కనిపించలేదు. మా మోటారు మేస్త్రీ చేతులు కనిపించాయి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

ఆయన పేరు రాయను. ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, నేనెందుకు పిలవాలి? సాయిబుల వీధి మొదట్లో, మద్రాసు రోడ్డు మీద ఆయన తాటాకు పాక. ముందు భాగం షెడ్డు, వెనక భాగం ఇల్లు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎడమ చెవి కొంచెం చేటగా ఉండేది. మోటారు వినీ వినీ అది అట్లా సాగిందని తనే చెప్పి నవ్వేవాడు. బండి చెడిందని ఎవరైనా వస్తే ముందు పానా పట్టేవాడు కాదు. బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, తల వంచి, "ఏం తల్లీ, యాడ నొప్పి?" అని అడిగేవాడు. కార్లనూ లారీలనూ మా ఆడవాళ్ళనూ అందర్నీ కలిపి ఒకే పిలుపు పిలిచేవాడు, తల్లీ అని.

విప్పిన నట్లు కింద పెట్టడం ఆయనకు సుతరామూ కిట్టదు. నెత్తిన టోపీ తీసి వెల్లకిలా పెట్టి అందులో వేసేవాడు. అందుకని ఆ టోపీ లోపల అంతా గుండ్రటి నల్లమచ్చలు. నమాజుకు వేరే టోపీ ఉండేది, అది పెట్టెలో. "నట్టు పోయిందంటే బండి పోయినట్టే. తల మీద పెట్టుకోవాల్సిందాన్ని తల మీదే పెట్టుకోవాల," అనేవాడు. ఆయనకు ఇంకో అలవాటు, కొక్కెం. సైకిలు చక్రం చువ్వ ఒకటి తీసి, కొస వంచి, చొక్కా కాలరు వెనక దోపుకునేవాడు. ఇంజన్ లోతుల్లో జారిపోయిన నట్లు దాంతో చేపను పట్టినట్టు పైకి లాగేవాడు. పని లేనప్పుడు దాంతోనే వీపు గోక్కునేవాడు. నేను కాపరానికి వచ్చిన కొత్తలో స్నానం చేస్తుంటే చెవి కమ్మ తూములో పడిపోయింది. అత్తగారు ఆయనకు కబురు పెట్టింది. ఆయన వచ్చి పెరట్లో బోర్లా పడుకుని, కళ్ళు మూసుకుని, కొక్కెం తూములోకి పోనిచ్చాడు. "కళ్ళతో కాదమ్మా, వేళ్ళతో చూడాల," అన్నాడు. రెండో సారికి నా కమ్మ పైకి వచ్చింది. అప్పట్నుంచి నాకు ఆయనంటే మంత్రగాడి కింద లెక్క.

తర్వాత తర్వాత ఆ కొక్కెం ఆయన కాలరు వెనక కనబడడం మానేసింది. ఒకసారి అడిగాను కూడా. "యాడో పడిపోయిందమ్మా," అన్నాడు. కొత్తది చేసుకోవడానికి ఆయనకు చువ్వలు కరువా? అయినా నాకు ఆ మాట తట్టలేదు. మనకు కావలసినవే మనకు తట్టవు.

మా ఆయన డాక్టరు. కావలిలో అప్పటికి సొంత కారున్న ఇద్దరు ముగ్గురు డాక్టర్లలో ఒకరు. ఊరికి తూర్పున, సముద్రం దోవలో, పొలాల అంచున మా ఇల్లు. మాకు పక్కన ఒకే ఒక ఇల్లు ఉండేది. అవి యాభైలు దాటి అరవైలలో పడుతున్న రోజులు. కొత్త టైరు కావాలంటే పేరు రాయించుకుని నెలల తరబడి కాచుకోవాలి. అందుకని టైర్ల దొంగలు తయారైనారు. ఒక తెల్లవారుజామున మా కారు ముందు చక్రం లేకుండా ఇటుకల మీద కూర్చుని కనిపించింది. మా ఆయన మద్రాసు పోయి, చక్రానికి ఒకటి చొప్పున నాలుగు తాళం నట్లు తెచ్చారు. గుండ్రంగా, నున్నగా ఉంటాయి, మధ్యలో వంకరటింకర గాడి. ఆ గాడిలో పట్టే చెవి ఉంటేనే తిరుగుతాయి. బొటనవేలంత ఉక్కుముక్క, దానికి మూడు పళ్ళు. అదే చెవి.

వాటిని బిగించింది మేస్త్రీనే. బిగించి, చెవి మా ఆయన చేతిలో పెట్టి, "బండిలోనే ఉంచుకోండి డాక్టరు గారూ," అన్నాడు. మా అత్తగారు గడపలో నిలబడి వింటున్నది. బండి తాళం బండిలో పెడితే దొంగకు పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టేనని, ఇంటి బీగాలన్నీ ఇంటి ఆడదాని నడుం మీద ఉండాల్సిందేనని తేల్చేసింది. దానికి పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, తాళాల గుత్తిలో మూడోదిగా ఎక్కించింది. మేస్త్రీ నవ్వి ఊరుకున్నాడు. ఆ గుత్తి అప్పటికి ఆరు నెలలుగా నాది. నాకు పంతొమ్మిదేళ్ళు. గుత్తి నడుముకు దోపుకుని నడుస్తుంటే వచ్చే గలగలకు నేనే మురిసిపోయేదాన్ని.

మా ఆయన ఊరి బయటకు పోయేటప్పుడల్లా నేను గేటు దాకా పరుగెత్తి ఆ చెవి తీసి ఇవ్వాలి, తిరిగి వచ్చాక పుచ్చుకోవాలి. ఇది మా ఇంట్లో ఏర్పాటు. బాగానే సాగింది, నెలకు మూడు రోజులు తప్ప.

ఇప్పటి పిల్లలకు విడమరచి చెప్పాలి. ఆ మూడు రోజులూ నేను బయట. పెరటి పంచలో ఒక చాప, ఒక కంచం, ఒక చెంబు. వంటింటి గడప తొక్కకూడదు, ఏ వస్తువూ ముట్టకూడదు. తాళాల గుత్తి అత్తగారికి పోతుంది. నియమమంటే ఆమెకు ప్రాణం. ఒకసారి నా చీర చెంగు ఆరబెట్టిన వడియాలకు తగిలిందని, చాపతో సహా ఎత్తి దిబ్బలో పోయించి సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ భయం.

ఆ రోజు నేను బయట ఉన్న రెండో రోజు. అత్తగారు, పక్కింటావిడ కలిసి బిట్రగుంటలో ఏదో శుభకార్యానికి పొద్దున రైలుకు పోయినారు, సాయంత్రానికి గానీ రారు. పోతూ పోతూ నాకు అన్నం పంచలో పెట్టి, గుత్తిని దేవుడి గదిలో మేకుకు తగిలించి పోయింది. తాళాలు లక్ష్మి కదా, అక్కడే ఉండాలి. పదకొండు గంటలకు సముద్రపు ఒడ్డు పాలెం నుంచి మనిషి వచ్చి, కాన్పు కష్టమైందన్నాడు. మా ఆయన కాంపౌండరును ఎక్కించుకుని పోయారు. చెవి ఇచ్చేవాళ్ళు లేరు, ఆయనకు గుర్తూ లేదు. కారు పోయిన చప్పుడు నేను పంచలో కూర్చుని విన్నాను. నాకూ గుర్తు రాలేదు.

మధ్యాహ్నం పెరటి దోవన సైకిలు గంట వినిపించింది. మేస్త్రీ. సంచీ హ్యాండిలుకు వేలాడుతోంది, మనిషి చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. పాలెం మనిషి సైకిలు తొక్కుకుంటూ షెడ్డుకు వచ్చి చెప్పాడట. దారిలో సముద్రపు గుల్ల గుచ్చుకుని మా కారు చక్రం గాలి పోయింది. చుట్టూ ఇసుక, పైగా కారులో నొప్పుల మనిషి. మాకు స్టెప్నీ ఉంది. అది మార్చాలంటే తాళం నట్టు విప్పాలి.

"అమ్మా, చక్రం బీగంచెవి ఈయండి. కాన్పు మనిషి బండిలో ఉండాది. జల్దీగా పోవాల," అన్నాడు.

నేను దేవుడి గది కిటికీ వైపు చెయ్యి చూపించాను. ఆ గదికి పెరటి వైపు చిన్న కిటికీ ఉంది, దీపం పొగ పోవడానికి. ఆయన పోయి ఊచలలోంచి చూశాడు. పక్క గోడ మేకుకు గుత్తి వేలాడుతోంది. పసుపు రాసిన మూడో చెవి నా చాప దగ్గరికి కూడా కనిపిస్తోంది. అత్తగారు ఎక్కడని అడిగాడు. చెప్పాను. పక్కింటావిడో అన్నాడు. ఆమె కూడా పోయిందని చెప్పాను. ఊళ్ళోకి పోయి ఎవరో ఒక ఆడమనిషిని తీసుకురావాలంటే రానూపోనూ అరగంట.

వంటింటి తలుపు తెరిచే ఉంది. అందులోంచి పోతే దేవుడి గది. ఆయన ఆ గడప దాకా నడిచి చెప్పులు విప్పాడు. కాసేపు అట్లాగే నిలబడి మళ్ళీ చెప్పులు తొడుక్కున్నాడు. నేను చాప మీద నుంచి లేచాను. మళ్ళీ కూర్చున్నాను.

"మీరు తీస్తే నేను చూడలేదు తల్లీ," అన్నాడు మెల్లగా.

"నేను తీయకూడదు మేస్త్రీ."

ఆయన ఇంకొక్కసారి కిటికీలోంచి చూశాడు. చెయ్యి కాలరు వెనక్కి పోయింది, మెడ రుద్దుకుంటున్నాడనుకున్నాను. "సరే తల్లీ. నేను కోసుకుంటా," అన్నాడు. అరగంట లోపే కోసేస్తాననుకున్నాడేమో, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆయన పోయాక చాలాసేపు నేను ఆ గుత్తినే చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడైనా లేచి తీసి, వెనకాలే పరుగెత్తి ఇవ్వొచ్చు కదా అని లోపల ఒకటే గొడవ. లేవలేదు. ఎందుకు లేవలేదే పాపిష్టిదానా అని నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

మిగతాది తర్వాత మా ఆయన నోట విన్నదే. మేస్త్రీ ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని ఆ నున్నటి నట్టును ఆకురాయితో రెండు పక్కలా అరగదీశాడు, గొట్టాలు విప్పే పెద్ద పానా పట్టు దొరికేదాకా. ఉలి పెట్టి కొడితే పని ముందే అయ్యేదేమో, కానీ జారితే బోల్టు విరుగుతుంది, ఇక చక్రమే రాదు. నట్టేమో ఉక్కు. ఆకురాయి మాటిమాటికీ జారి ఆయన వేళ్ళు చెక్కుకుపోయినాయి. కారులో ఆ పిల్ల అరిచినప్పుడల్లా ఆకురాయి ఆగేదట, మళ్ళీ ఇంకా జోరుగా సాగేదట. కాంపౌండరు సాయం వస్తానంటే వద్దన్నాడట. ఎడ్లబండి కోసం పంపిన మనిషి ఇంకా రానేలేదు. గంటంపావుకు నట్టు తిరిగింది. ఆసుపత్రికి తెచ్చేసరికి తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. మగబిడ్డ. తొలికాన్పు. ఆ పిల్లకు మళ్ళీ కడుపు పండలేదు.

ఆ సాయంత్రం మా ఆయన పెరట్లో నిలబడి కాళ్ళు కడుక్కుంటూ వాళ్ళమ్మకు ఇదంతా చెప్పారు. "మేస్త్రీ చెవి కోసం ఇంటికి వచ్చినాడంట. తలుపు తట్టినా ఎవరూ పలకలేదంట. ఒక్క అరగంట ముందు వచ్చుంటే బిడ్డ దక్కేవాడమ్మా," అన్నారు. తర్వాత నావైపు తిరిగి, నాకేమైనా వినపడిందా అని అడిగారు.

"వినపడలేదు," అన్నాను.

అత్తగారు తను ఊళ్ళో లేకపోవడం వల్లనే కదా అని నుదురు కొట్టుకుంది. మా ఆయన, చెవి తీసుకుపోవడం తనే మరిచానన్నారు. తప్పు నాదంటే నాదని తల్లీకొడుకులు పోటీపడుతుంటే నేను నోట్లో చెంగు కుక్కుకుని కూర్చున్నాను. మేస్త్రీ నా కోసం అబద్ధం ఆడాడు. అడక్కుండానే ఆడాడు. దానికి నేను నా అబద్ధాన్ని జోడించాను.

నాలుగో రోజు తలస్నానం చేశాక గుత్తి మళ్ళీ నా చేతికి వచ్చింది. కారు షెడ్డుకు పోతుంటే నేనూ వస్తానన్నాను. మేస్త్రీ వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉన్నాడు. మిగిలిన మూడు చక్రాల తాళం నట్లు కూడా తీసేయాలని మా ఆయన చెప్పారు. నేను చెవి తీసి ఇచ్చాను. ఆయన అందుకుని ఒక్కొక్క చక్రం దగ్గరా కూర్చున్నాడు. చెవి గాడిలో పెట్టడం, ఒక్క తిప్పు, నట్టు టోపీలో పడడం. మూడు నట్లకు మూడు నిమిషాలు కూడా పట్టలేదు. వాటి బదులు మామూలు నట్లు బిగించాడు. అంతసేపూ ఆయన నా మొహం వైపు చూడలేదు, నేనూ చూడలేదు. చివరికి చెవి తుడిచి నా చేతికిచ్చి, "ఇంక దీంతో పని లేదమ్మా," అన్నాడు. నేను దాన్ని మళ్ళీ గుత్తికే ఎక్కించుకున్నాను. పారేయడానికి చేతులు రాలేదు.

ఆ తర్వాత ఆయన ఎవరి బండికీ తాళం నట్లు బిగించలేదు. రైసుమిల్లుల వాళ్ళు, పొగాకు వాళ్ళు మద్రాసు నుంచి పొట్లాలు తెచ్చుకుని వచ్చేవాళ్ళు. ఎంత పెద్దవాడైనా సరే, వేరే షెడ్డు చూసుకోమనేవాడు. టైరు దొంగ పట్టుకుపోతే ఎట్లాగయ్యా అని ఎవరైనా గదమాయిస్తే ఒకటే మాట: "దొంగోడు పట్టుకపొయ్యేది టైరే గదయ్యా." సాయిబుకు చాదస్తం పట్టిందని ఊళ్ళో అన్నారు. కొందరు రావడమే మానుకున్నారు.

చెవి పోయిన బండి ఏదైనా వస్తే మాత్రం చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసేవాడు. అన్నం ముందు కూర్చున్నా లేచి వచ్చేవాడు. అప్పటికే గొట్టం ముక్కలు రకరకాలవి కోసి సిద్ధంగా పెట్టుకున్నాడు, ఎట్లాంటి నట్టు మీదికైనా దిగ్గొట్టడానికి. ఆయన చేతిలో అవి ఐదారు నిమిషాలకు మించి నిలవలేదు. నేర్చుకున్నాడు. కాకపోతే ఆలస్యంగా నేర్చుకున్నాడు.

ఇక ఆ పాలెం పిల్ల. ఏడాదికొకసారి గంగమ్మ జాతర ముందు చందువ చేపలు తడిగోనెలో చుట్టి తెచ్చేది. మా ఇంటికి రెండు, మేస్త్రీకి రెండు. "డాక్టరు గారు నా పానం నిలబెట్టినాడు. ఆ సాయిబు నా కోసరం ఇనుము కోసినాడమ్మా," అని చెప్పుకునేది. నేను వండి అందరికీ పెట్టేదాన్ని, నా విస్తట్లో వేసుకునేదాన్ని కాదు. మేస్త్రీకి చందువంటే పడి చచ్చేంత ఇష్టమని ఆయన భార్యే చెప్పింది. అయినా ఆ పిల్ల తెచ్చినవి రెండు చేతులతో అందుకుని, ఆమె వీధి మలుపు తిరిగేదాకా నవ్వు మొహంతో నిలబడి, పక్కింటికి ఇచ్చేసేవాడట. ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదట. విన్నప్పుడు, నా తప్పును ఈయన మోస్తున్నాడనుకున్నాను. ఆయన ఎదుట పడడానికే మొహం చెల్లేది కాదు. కారు పని మీద ఇంటికి వస్తే టీ గ్లాసు పనిమనిషితో పంపేదాన్ని.

పదేళ్ళు అట్లా గడిచిపోయాయి. అరవైల చివర్లో ఆయనకు దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తులు చెడిపోయాయని, ఇక లాభం లేదని మా ఆయన ఇంట్లో అన్నారు. ఆ మాట విన్నాక నేను కూర్చోలేకపోయాను. బార్లీ నీళ్ళు కాచి, రిక్షా ఎక్కి ఒక్కదాన్నే పోయాను.

షెడ్డు వెనక నులక మంచం మీద ఉన్నాడు. చేటచెవి తప్ప మనిషిలో ఏమీ మిగల్లేదు. నన్ను చూసి లేవబోయాడు. ఆయన భార్య నాకు టీ పెట్టడానికి లోపలికి పోయింది. ఆ కాస్త సందులో, పదేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉన్నది కక్కేశాను. "మేస్త్రీ, ఆ రోజు నేను తీయాల్సింది. తీయలేదు. మీరు నా మీద పడకుండా అబద్ధం ఆడినారు. ఆ బిడ్డ ఉసురు నాదే."

ఆయనకు దగ్గు వచ్చి పోయింది.

"నీ కోసరం ఆడలేదు తల్లీ. నా కోసరం ఆడుకున్నా."

నాకు అర్థం కాలేదు. ఆయన చెయ్యి మెల్లగా మెడ వెనక్కి పోయింది.

"కొక్కెం నా కాడే ఉన్నిందమ్మా. ఊచల్లో చెయ్యి పెడితే అందేది. నీ కమ్మ తీసినోడికి ఆ గుత్తి ఒక లెక్కా? లోపల దేముడు ఉండాడు, సాయిబు కిటికీలో కొక్కెం పెట్టినాడంటే ఊరు ఊరుకుంటదా అని బయపడినా. అప్పుడు నువ్వు పసిబిడ్డవి. నేను నలబై ఏళ్ళోణ్ణి. తప్పు నాది."

ఆయన భార్య టీ తెచ్చింది. గ్లాసు పెట్టి మళ్ళీ లోపలికి పోయింది. ఆ కొక్కెం ఏం చేశారని అడిగాను. ఆ రోజే, నట్టు తిరిగిన చోటనే, ఇసుకలో పాతేశానన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. నేను ఏడుపుగొట్టు మనిషిని కాను, మా ఇంట్లో ఎవర్నైనా అడగండి. ఆ రోజు మాత్రం దారి పొడుగునా రిక్షావాడు వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

ఇంటికి వచ్చి నేరుగా పెరట్లోకి పోయాను. గుత్తి తీసి దేవుడి గదిలో ఆ మేకుకే తగిలించి బయటికి వచ్చాను. బట్టలారేసే తీగ కొస మూరెడు విరిచి వంచాను. కిటికీ ఊచల మధ్య చెయ్యి పెట్టి, తీగ చాపాను. నాకు మేస్త్రీ చేతివాటం లేదు. వేళ్ళతో చూడడం నాకు తెలియదు. అయినా మొదటి సారికే గుత్తి మేకు వదిలి నా తీగకు వచ్చేసింది. గడప తొక్కనక్కర్లేదు, గది ముట్టనక్కర్లేదు. చాప మీద నుంచి లేచి పది అడుగులు వేసి ఉంటే చాలు.

"ఏందే అది?" అన్నది అత్తగారు వెనక నుంచి. అప్పటికి ఆమెకు చూపు మందగించింది, గుత్తి గలగల విని వచ్చినట్టుంది. ఇక దాచడానికి ఓపిక లేక అంతా చెప్పేశాను. వినపడలేదని అబద్ధం చెప్పడం దగ్గర్నుంచి, కొక్కెం దాకా.

ఆమె పంచలో కూలబడింది. "పానం మీదికొస్తే మైలేందే? నెత్తిన చెంబెడు నీళ్ళు పోసుకుంటే పొయ్యేది. గది కడుక్కుంటే పొయ్యేది. నేను తిడతానని ఇద్దరూ చూస్తా నిలబడినారా?" అన్నది. తర్వాత చిన్న గొంతుతో, "నేనంత రాకాసినా?" అని అడిగింది.

నాకు దిబ్బలో పోసిన వడియాలు గుర్తున్నాయి. ఇప్పుడు ఇట్లా అంటున్న మనిషి ఆ రోజు ఏమనేదో ఆమెకే తెలియదు, నాకూ తెలియదు. అయినా ఆ మాట మేస్త్రీకి చెప్పాలనిపించింది. అత్తగారు ఏమీ అనేది కాదంట, మనం ఊరికే భయపడ్డామంట అని. అది ఆయనకు ఊరటో, ఇంకో పుండో, అది కూడా ఆలోచించలేదు. మర్నాడు పొద్దున గుత్తి నడుముకు దోపుకుని మళ్ళీ రిక్షా ఎక్కాను.

షెడ్డు ముందు మనుషులు చేరి ఉన్నారు. తెల్లవారాక పోయాడట. ఆయన భార్య నన్ను చూసి, చేతులు పట్టుకుని, మంచం దగ్గరికి తీసుకుపోయింది. నిన్న నేను వెళ్ళిన కాడి నుంచి ఆయనకు తెలివి నిలవలేదని, ఒకటే కలవరింత అని చెప్పింది.

"బీగంచెవి ఈయండి, బీగంచెవి ఈయండి అంటానే ఉన్నాడమ్మా. ఏం బీగమో మాకు తెలీలా."

వాళ్ళింట్లో ఉన్న తాళంచెవులన్నీ తెచ్చి, పెట్టెది, తలుపుది, షెడ్డుది, ఒక్కొక్కటే ఆయన చేతిలో పెట్టి చూశారట. పట్టి చూసి ఇది కాదని వదిలేశాడట. ఆయన అడిగిన చెవి నా నడుం మీద ఉంది.